ఉరిశిక్ష పడ్డ నిర్దోషి మన కోర్టుల్లోనూ ఉండగలడా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అమెరికాలోని అలబామాకు చెందిన ఆంథొనీ రే హింటన్ అనే నల్లజాతి వ్యక్తి, తాను చేయని రెండు హత్యలకు మరణశిక్ష పడి, దాదాపు 30 ఏళ్ళు జైలులో గడిపి, 2015 ఏప్రిల్ 3న విడుదలయ్యారు. ఇప్పుడు ఆ శిక్షకు వ్యతిరేకంగా ఊరూరా మాట్లాడుతున్నారు. గంటస్తంభం దగ్గర మిత్రుల మధ్య ఈ సంగతి చెబితే ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. మన దగ్గర సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించాలి, ఆపైన సుప్రీంకోర్టు, రాష్ట్రపతి క్షమాభిక్ష ఉన్నాయి, ఇన్ని మెట్లు దాటి పొరపాటు మిగలదని ఆయన వాదన. ఘోరం జరిగిన ప్రతిసారీ ఉరి తీయాలని కోరినవాళ్ళలో నేనూ ఉన్నాను కనుక ఆయన మాట నన్ను వదలడం లేదు. తెలిసినవారు వివరిస్తారా?

జవాబు (శ్రీకాకుళం, కోర్టులో పనిచేసి రిటైరైన ఉద్యోగి)

అయ్యా, హింటన్ కేసులో వేలిముద్రలు లేవు, హత్యలను చూసిన సాక్షి లేడు. ఆ రెండు హత్యలూ 1985లో దోపిడీల్లో జరిగాయి. అదే ఏడాది జరిగిన మూడో దోపిడీలో ప్రాణాలతో బయటపడిన వ్యక్తి ఫొటో చూసి ఆయనను గుర్తుపట్టాడు. ఆ సమయానికి హింటన్ పదిహేను మైళ్ళ దూరంలో, తలుపులు తాళం వేసి ఉన్న గోదాములో రాత్రి డ్యూటీలో ఉన్నారు. కేసు మొత్తం ఆయన తల్లి ఇంట్లో దొరికిన రివాల్వర్ మీద, బుల్లెట్లు అందులోవేనన్న ప్రభుత్వ నిపుణుల మాట మీద నిలబడింది. ఆ మాటను తిప్పికొట్టడానికి మంచి నిపుణుడు కావాలి. ఖర్చుకు వెయ్యి డాలర్లు మించి రావని ఆయన వకీలు పొరబడ్డాడు. నిజానికి ఆ పరిమితిని చట్టం అప్పటికే తొలగించింది. ఆ డబ్బుకు దొరికినవాడు ఒక కన్ను కనిపించని సివిల్ ఇంజనీరు. సూక్ష్మదర్శిని వాడడంలో తడబడ్డానని అతను కోర్టులోనే ఒప్పుకోవడంతో అతని సాక్ష్యం నవ్వులపాలైంది.

బ్రయాన్ స్టీవెన్‌సన్ అనే న్యాయవాది కేసు చేపట్టాక, 2002లో పేరున్న ముగ్గురు నిపుణులు ఆ బుల్లెట్లు ఆ రివాల్వర్‌వని చెప్పలేమని సాక్ష్యమిచ్చారు. అదే ఏడాది హింటన్ తల్లి కన్నుమూశారు. రాష్ట్రం మాత్రం మరో పన్నెండేళ్ళు పట్టు విడవలేదు. చివరికి 2014లో అమెరికా సుప్రీంకోర్టు, వకీలు తప్పిదం వల్ల ఆయనకు సరైన రక్షణ అందలేదని ఏకగ్రీవంగా తేల్చింది. అప్పీలు మెట్లు అక్కడ తక్కువేమీ కాదు. అయితే కింది కోర్టులో పేదవాడి తరఫున రికార్డులోకి ఎక్కనిదాన్ని పైకోర్టు సులువుగా చూడలేదు. ఇన్నేళ్ళు కోర్టు కాగితాల మధ్య గడిపినవాడిగా నాకు బాధ కలిగించేది ఇదే.

జవాబు (రాజాం, న్యాయవాది)

మాస్టారు చెప్పినదానికి మన దేశపు ఉదాహరణ ఒకటి కలుపుతాను. 2003లో నాసిక్ దగ్గర ఒక తోటలో ఐదుగురిని చంపిన కేసులో ఆరుగురు సంచార జాతి మనుషులకు 2006లో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ముగ్గురికి దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2009లో సుప్రీంకోర్టు మళ్ళీ ఆరుగురికీ ఉరే ఖాయం చేసింది. ఆ తీర్పును మళ్ళీ పరిశీలించమని వేసిన రివ్యూ పిటిషన్‌ను కూడా కొట్టివేశారు. అంటే ఆ పెద్దాయన చెప్పిన కోర్టు మెట్లన్నీ అయిపోయాయి. కేసు తిరిగి తెరిచాక, 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించి, ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని మహారాష్ట్రను ఆదేశించింది. దాడిలో బతికి బయటపడ్డ ఆవిడ మొదట్లోనే పోలీసు ఆల్బంలో వేరే నలుగురిని గుర్తించింది. ఆ నలుగురి మీద దర్యాప్తే జరగలేదు.

జవాబు (టెక్కలి)

హత్యకు గురైనవారి కుటుంబం తరఫున అడుగుతున్నాను. మా బంధువుల్లో అటువంటి కష్టం పడ్డవారున్నారు. శిక్ష తగ్గించమంటే వారికి ఏం జవాబు చెబుతారు?

జవాబు (రాజాం, న్యాయవాది)

అన్నా, మీ ప్రశ్న న్యాయమైనదే. శిక్ష వద్దని నేను అనడం లేదు. ఉరి తీసేసి ఉంటే 2019 తీర్పు ఎవరికి వినిపించేవారు? నాసిక్ తోటలో అయినవాళ్ళను పోగొట్టుకున్న ఆ కుటుంబానికి కూడా, తప్పు మనుషులను పదహారేళ్ళు నిర్బంధించడం వల్ల న్యాయం దక్కలేదు.

ప్రశ్న అడిగినవారు

ఈ జవాబులు ఈ సాయంత్రం పెద్దాయనకు చదివి వినిపించాను. ఆల్బం సంగతి దగ్గర ఆపి, మళ్ళీ ఒకసారి చదవమన్నారు.