బ్లూటూత్ బోర్డు మొదలెట్టా, కాయిన్ సెల్ మీద ఏడాది రావాలి: తెలిసినవాళ్లు చెప్పండి

ఫైనల్_ఇయర్_బాధితుడు
అన్నలూ అక్కలూ, నార్వే కంపెనీ నార్డిక్ వాళ్ల బ్లూటూత్ బోర్డు, ఎన్‌ఆర్‌ఎఫ్ 52840 డీకే చేతికొచ్చింది. కాలేజీది, సెమిస్టర్ అయ్యాక తిరిగిచ్చేయాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేనమామకి మెడికల్ షాపు ఉంది. అక్కడి ఫ్రిజ్‌లో ఇన్సులిన్, టీకాలు పెడతారు, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. లోపలి టెంపరేచర్ ఫోన్‌కి పంపే చిన్న డబ్బా చేద్దామని ప్లాన్. ప్రోగ్రాం రాయడానికి కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్లలో పాత ఎన్‌ఆర్‌ఎఫ్5 ఎస్‌డీకేతో వెళ్లాలా, కొత్త కనెక్ట్ ఎస్‌డీకేతోనా? చివర్లో పెట్టడానికి చిన్న బోర్డు మన హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది? సీఆర్ 2032 కాయిన్ సెల్ మీద ఏడాది వస్తుందా? శాంపిల్ ప్రోగ్రాం ఎక్కించా, ఫోన్‌లో పేరు కనిపిస్తోంది, కానీ కొత్త సెల్ వేసినా నెల కూడా రావట్లేదు.

టంకం_బాబాయ్
పాత ఎస్‌డీకే జోలికి పోకు, దాన్ని మెయింటెనెన్స్‌లో పడేసి చాలా కాలమైంది. కొత్తది జెఫైర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టారు. మొదట్లో డివైస్‌ట్రీ (బోర్డు మీద ఏ పార్టు ఎక్కడుందో రాసే ఫైలు) చూసి తల పట్టుకుంటావు, తర్వాత అలవాటైపోతుంది. విండోస్ అయితే సీ డ్రైవ్‌లో పొట్టి పేరున్న ఫోల్డర్‌లోనే పెట్టు. డెస్క్‌టాప్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్‌లో పెట్టి, 260 అక్షరాల పాత్ హద్దు దాటి బిల్డ్ పగిలితే ఇక్కడికొచ్చి బోర్డుని తిట్టేవాళ్లు రోజుకొకరు తగులుతున్నారు నాకు.

సిగ్నల్_వీక్
ఇదంతా ఎందుకు భయ్? కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లు, ఈఎస్‌పీ32 బోర్డు ఏ షాపులో అడిగినా ఇస్తారు, వందల్లో అయిపోతుంది, పైగా వైఫై ఫ్రీ. నార్వే బోర్డుకి వేలు పోసి మళ్లీ కొత్త ఎస్‌డీకే నేర్చుకోవడం టైమ్ వేస్ట్.

వేవ్‌ఫామ్_అక్క
పోస్టు చివరిదాకా చదివావా? కాయిన్ సెల్ అన్నాడు. ఈఎస్‌పీ32 రేడియో ఆన్ అయితే వంద మిల్లీఆంప్ దాటి లాగుతుంది. 2032 అంత ఇవ్వలేదు, వోల్టేజీ కూలిపోయి బోర్డు రీసెట్ కొడుతూనే ఉంటుంది. అదే 52840 జీరో డీబీఎం రేడియో పవర్ మీద, 3 వోల్టుల దగ్గర 4.8 మిల్లీఆంప్.

సిగ్నల్_వీక్
డీప్ స్లీప్ 10 మైక్రోఆంప్ అని డేటాషీట్‌లోనే ఉంది. ముందు మీరు చదవండి.

వేవ్‌ఫామ్_అక్క
అది చిప్‌ది తమ్ముడూ. గల్లీలో నువ్వు కొనే బోర్డు మీద ఏఎమ్‌ఎస్ 1117 రెగ్యులేటర్ ఉంటుంది, పనేమీ లేకుండానే అదొక్కటే 5 మిల్లీఆంప్ దాకా తాగుతుంది. దాని పక్కన ఆరని ఎర్ర ఎల్‌ఈడీ. వాటిని పీకేశాక మాట్లాడు స్లీప్ గురించి.

ఉప్పల్_ఉడుత
అందరూ ఈఎస్‌పీ గొడవలో పడ్డారు, పిల్లాడి సెల్ ఎందుకు అయిపోతోందో ఎవరూ చెప్పరా? శాంపిల్ ప్రోగ్రాంలో సీరియల్, అంటే కంప్యూటర్‌కి లాగ్‌లు పంపే యూఆర్ట్ లైను, ఆన్‌లోనే ఉంటుంది బాబూ. లాగ్‌లు కనిపిస్తున్నాయని సంతోషపడతాం, ఆ యూఆర్ట్ డేటా కోసం ఎదురుచూస్తూ పెద్ద క్లాక్‌ని పడుకోనివ్వదు. అర మిల్లీఆంప్ అనుకో, 225 మిల్లీఆంప్ అవర్ సెల్ 450 గంటల్లో ఖాళీ, అంటే 19 రోజులు. సగటు 10 మైక్రోఆంప్‌కి దించితే లెక్క ప్రకారం రెండున్నరేళ్లు. ప్రాజెక్టు సెట్టింగులుండే పీఆర్‌జే కాన్ఫ్ ఫైల్లో కాన్ఫిగ్ సీరియల్‌కి ఎన్ (అంటే నో) పెట్టు. శాంపిల్‌లో మినుకుమినుకుమనే ఎల్‌ఈడీ ఉంటుంది, దాన్నీ తీసేయ్. అడ్వర్టైజింగ్, అంటే నేనున్నానని బోర్డు వేసే బ్లూటూత్ కేక, 100 మిల్లీసెకన్లకోసారి కొడుతుంటుంది, ఫ్రిజ్‌కి అంత తొందరేముంది, 2 సెకన్లు చెయ్యి.

ఫైనల్_ఇయర్_బాధితుడు
థాంక్స్ అన్నా, ఎల్‌ఈడీ సంగతి తట్టనేలేదు. మల్టీమీటర్ 200 మైక్రోఆంప్ రేంజ్‌లో పెట్టి సెల్‌కి సిరీస్‌లో కలిపితే బోర్డు అసలు లేవట్లేదు. మీటర్ తీస్తే లేస్తోంది. బోర్డు పోయిందా? కాలేజీది, టెన్షన్‌గా ఉంది.

టంకం_బాబాయ్
బోర్డుకేం కాలేదు. పసుపు మీటరేనా? ఆ రేంజ్‌లో దాని లోపల వెయ్యి ఓముల రెసిస్టర్ ఉంటుంది. రేడియో 5 మిల్లీఆంప్ లాగబోతే ఆ రెసిస్టర్ మీదే 5 వోల్టులు పడాలి, నీ సెల్‌లో ఉన్నవే మూడు. ఇంకేం లేస్తుంది. ఆ బోర్డు మీద పీ22 అని రెండు పిన్నుల హెడర్ ఉంది చూడు, కరెంటు కొలవడానికి పెట్టిందే. కాకపోతే ఆ రెండు పిన్నుల్నీ కలుపుతూ వెనకాల ఒక సోల్డర్ బ్రిడ్జ్ ఉంటుంది, దాన్ని బ్లేడుతో కోయాలి. కోయకపోతే కరెంటు అటునుంచే పోతుంది, మీటర్ సున్నా చూపిస్తుంది.

సిగ్నల్_వీక్
కాలేజీ బోర్డు మీద బ్లేడా!! హెచ్‌ఓడీకి ఏం చెప్పాలి వాడు? సలహా ఇచ్చేముందు కాస్త ఆలోచించండి సార్.

టంకం_బాబాయ్
కోయమని తయారుచేసినవాళ్లే గైడులో రాశారు నాయనా. మళ్లీ కలపాలంటే ఒక చుక్క టంకం, లేదా పీ22 మీద జంపర్. నువ్వు పుట్టకముందు నుంచి చర్లపల్లిలో బోర్డులు రిపేరు చేస్తున్నా, నాకు బ్లేడు పట్టుకోవడం నేర్పకు.

సిగ్నల్_వీక్
అనుభవం ఉంటే మర్యాద అక్కర్లేదా?

వేవ్‌ఫామ్_అక్క
ఇద్దరూ ఆపండి. పిల్లాడు బ్రిడ్జ్ కోసినా కోయకపోయినా ఆ పసుపు మీటర్‌తో ఇది తేలదు. అడ్వర్టైజింగ్ కొన్ని మిల్లీసెకన్లు, మిగతా టైమంతా నిద్ర. మీటర్ సెకనుకి రెండుమూడు సార్లు అంకె మారుస్తుంది, ఆ గుడ్డి అంకె పట్టుకుని ఏడాది లెక్క వేస్తారా? కరెంటు కొలిచే పవర్ ప్రొఫైలర్ కిట్ 2 ఉంటే 200 నానోఆంప్ నుంచి 1 ఆంప్ దాకా గీత గీసి చూపిస్తుంది. లేదంటే సెల్‌కి సిరీస్‌లో 10 ఓముల రెసిస్టర్ పెట్టి ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ తగిలించు. 5 మిల్లీఆంప్‌కి 50 మిల్లీవోల్టులు, శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. నిద్ర కరెంటు మాత్రం దాంతో కనపడదు. ఇంకోటి, ఎస్‌డబ్ల్యూ6 స్విచ్ ఎన్‌ఆర్‌ఎఫ్ ఓన్లీ వైపు జరిపి కొలువు, డీబగ్గర్ వైపు లీకేజీ పోతుంది.

సిలికాన్_సీనియర్
పుష్కరం పైన బ్లూటూత్ స్టాక్ మీదే పనిచేశాను కాబట్టి చెప్తున్నా. అందరూ నార్వే నార్వే అంటారు. రెడ్‌పైన్ సిగ్నల్స్ వైఫై, బ్లూటూత్ వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ కొన్నది, అందులో మన హైదరాబాద్ డిజైన్ సెంటర్ కూడా ఉంది. మన ఊళ్లో చిప్ డిజైన్ జరుగుతుంటే గల్లీలో ఏ బోర్డు చవక అని కొట్టుకుంటున్నారు.

ఉప్పల్_ఉడుత
సార్, గర్వంగానే ఉంది. పిల్లాడి సెల్ సంగతి కూడా ఓ ముక్క చెప్పండి.

సిలికాన్_సీనియర్
బయట సెన్సరెందుకు, 52840 లోపలే టెంపరేచర్ సెన్సర్ ఉంది, అది చదివి పంపితే చాలు. పార్టులు తగ్గితే కరెంటూ తగ్గుతుంది.

వేవ్‌ఫామ్_అక్క
దాని కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 5 డిగ్రీలు. 2 నుంచి 8 మధ్య ఉందా అని అడుగుతున్న చోట! 5 చూపిస్తే అసలుది సున్నా కావచ్చు, పది కావచ్చు. ఇన్సులిన్ గడ్డకడితే పారేయడమే.

సిలికాన్_సీనియర్
కేలిబ్రేట్ చేసుకోవాలి. ఆ మాత్రం తెలియదా.

టంకం_బాబాయ్
పన్నెండేళ్ల అనుభవంలో చిప్‌ని ఫ్రిజ్‌లో పెట్టి చూడలేదన్నమాట.

కూకట్‌పల్లి_కాయిల్
డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్ పెట్టు, వాటర్‌ప్రూఫ్ వైరుతో వస్తుంది, అందరూ అదే వాడతారు. అమీర్‌పేటలో నేను చేరిన ఎంబెడెడ్ కోర్సులో ఆరు నెలలూ దాంతోనే లాగించారు. ఫీజు తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది, బ్లూటూత్ అని బోర్డు పెట్టి చివరికి పాత 8051 చిప్ మీద ఎల్‌సీడీలో పేరు రాయించి సర్టిఫికెట్ ఇచ్చారు.

మియాపూర్_మోడెమ్
ఏ ఇన్‌స్టిట్యూట్? మాకూ అంతే, ప్లేస్‌మెంట్ అని చెప్పి

కూకట్‌పల్లి_కాయిల్
పేరెందుకులే బ్రో, అన్నీ ఒకటే.

ఉప్పల్_ఉడుత
డీఎస్18బీ20కి కనీసం 3 వోల్టులు కావాలి, 2032 లోడ్ పడగానే అంతకన్నా కిందికి జారుతుంది. టీఎంపీ117 సెన్సర్ చూడు, 1.8 వోల్టుల దాకా పనిచేస్తుంది, ఆ రేంజ్‌లో పదో వంతు డిగ్రీ కచ్చితత్వం. ఇక అసలు ముక్క ఎవరూ అడగలేదు. బోర్డుని ఫ్రిజ్ లోపల పెడతావా? రేకు డబ్బాలోంచి 2.4 గిగాహెర్ట్జ్ బయటికి రావడమే కష్టం. గాజు తలుపున్న ఫ్రిజ్ అయితే కొంత నయం. చలికి సెల్ కూడా నీరసపడుతుంది, రేడియో పల్స్‌కి వోల్టేజీ ఇంకా ఎక్కువ జారుతుంది. సెన్సర్ లోపల, బోర్డూ సెల్లూ బయట. తలుపు రబ్బరు కింద నుంచి సన్నటి ఫ్లాట్ వైరు తీసుకో, కాకపోతే పొట్టిగా ఉండాలి, ఆ సెన్సర్ బోర్డుతో మాట్లాడే ఐ2సీ లైను మీటర్ల కొద్దీ లాగడానికి కాదు.

ఫైనల్_ఇయర్_బాధితుడు
సీరియల్, ఎల్‌ఈడీ తీసేసి ల్యాబ్‌లో 10 ఓములు పెట్టి చూశా అక్కా, రెండు సెకన్లకొక మూడు ముళ్లు, మధ్యలో గీత చదునుగా ఉంది! ఆ మూడు ఏంటి?

వేవ్‌ఫామ్_అక్క
37, 38, 39 ఛానెళ్లు. అడ్వర్టైజింగ్ వాటి మీదే, ఒకదాని తర్వాత ఒకటి. కనెక్షన్ కూడా మానేయ్. టెంపరేచర్‌ని అడ్వర్టైజింగ్ ప్యాకెట్‌లోనే పెట్టు, 31 బైట్లు ఉన్నాయి, నీకు రెండు చాలు. మామయ్య ఫోన్ వినడమే, కలవక్కర్లేదు.

సిగ్నల్_వీక్
ఈఎస్‌పీ32తో కూడా అడ్వర్టైజింగ్‌లో పెట్టొచ్చు, ఊరికే చెప్తున్నా.

టంకం_బాబాయ్
పెట్టు. ప్లగ్‌లో పెట్టు.

ఫైనల్_ఇయర్_బాధితుడు
టీఎంపీ117 బొమ్మ చూశా, 2 మిల్లీమీటర్ల ముక్క, కాళ్లే లేవు. ఐరన్‌తో అవుతుందా బాబాయ్? రాయదుర్గంలో ప్రోటోటైపులు చేసుకునే సెంటర్ టీ-వర్క్స్‌లో చేయించుకోవచ్చని ఫ్రెండ్ అన్నాడు.

టంకం_బాబాయ్
ఒక్క సెన్సర్ కోసం అంత దూరం ఎందుకు. బ్రేకవుట్ బోర్డు మీద అతికించి అమ్ముతారు, అదే కొను. దాని మీద పవర్ ఎల్‌ఈడీ ఉంటే ముందు పీకెయ్.