ఓడలో అమ్మే ‘తర్వాతి క్రూజ్’ సర్టిఫికెట్లు కొనాలా, వద్దా?

ప్రశ్న, ఇర్వింగ్ నుంచి

అందరికీ నమస్తే. మేం అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. నాది హెచ్1బి ఉద్యోగ వీసా, మా ఆవిడది దాని మీద వచ్చే హెచ్4. పోయిన వారం గాల్వెస్టన్‌లో ఓడెక్కి మెక్సికోలోని కోజుమెల్ దాకా వెళ్ళొచ్చాం, మొదటి క్రూజ్. చివరి రోజు ఒక కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి, తర్వాతి క్రూజ్‌కి ఇప్పుడే డిపాజిట్ కడితే ఓడలో ఖర్చుకి వెంటనే కొంత క్రెడిట్ ఇస్తామన్నారు. ఏ ఓడ, ఏ తేదీ అన్నది తర్వాత చూసుకోవచ్చట. అప్పుడు వద్దనుకున్నాం గానీ ఇప్పుడు తీసుకుని ఉండాల్సిందేమో అనిపిస్తోంది. ఇక్కడి వాట్సాప్ గ్రూపులో ఒకాయన అలాంటి సర్టిఫికెట్లే 500 డాలర్లవి 350కి ఇస్తానంటున్నాడు. వచ్చే వేసవికి అమ్మానాన్న వస్తారు, వాళ్ళని అలాస్కా తిప్పాలని మా ఆశ. ఏం చేయమంటారు?

జవాబు, ఫ్రిస్కో నుంచి

తమ్ముడూ, అప్పుడు తీసుకోలేదని బాధపడకు. మేం వచ్చి 14 ఏళ్ళైంది, ఏడు క్రూజులు చేశాం. ఆ కౌంటర్ దగ్గర లాభానికీ కొన్నాం, నష్టానికీ కొన్నాం.

మనవాళ్ళు అన్నిటినీ కలిపి ‘క్రూజ్ క్రెడిట్’ అనేస్తారు, అక్కడే తికమక మొదలవుతుంది. ఓడలో డబ్బు కట్టి కొనేది డిపాజిట్ సర్టిఫికెట్. రేపు బుక్ చేసినప్పుడు అది అడ్వాన్సు కింద జమవుతుంది. ట్రిప్ రద్దయినప్పుడు డబ్బుకి బదులు ఇచ్చేది ఫ్యూచర్ క్రూజ్ క్రెడిట్, ఎఫ్‌సీసీ అంటారు. దాన్ని చాలా కంపెనీలు టికెట్ ధర మీదే వాడనిస్తాయి. పన్నులు, పోర్టు ఫీజులు మళ్ళీ మన జేబులోంచే కట్టాలి. ఇక ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి. టిప్పులే ఇప్పుడు మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా పడుతున్నాయి కాబట్టి అది వృథా పోదు.

మేం మొదటిసారి కొన్నది 2017లో. చివరి రాత్రి, సామాన్లు సర్దే హడావిడి, పిల్లలు నిద్రకి తూగుతున్నారు. నలుగురికీ కలిపి 600 డాలర్లు కట్టాం. 100 డాలర్లు ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఇస్తే ఫొటోలకే అయిపోయాయి. కాగితం మీద రెండేళ్ళ గడువు ఉంది. ఆలోగా బుక్ చేసుకుంటే చాలనుకున్నాం. కాదు, ఆ తేదీలోపు ఓడెక్కాలి. మధ్యలో మా మామగారికి బైపాస్ అయింది. గుంటూరులో రెండు నెలలున్నాం, ఆ ఏడాది సెలవులన్నీ అక్కడే అయిపోయాయి. తిరిగొచ్చి చూస్తే, మిగిలిన గడువులో పిల్లల బడి లేని వారం స్ప్రింగ్ బ్రేక్ ఒక్కటే. రేటు మామూలుకి రెట్టింపు. 600 కాపాడుకోవడానికి ఇంకో 2,000 పెట్టలేక వదిలేశాం. ఆ కాగితం ఇంకా మా ఆయన ఫైల్లోనే ఉంది.

అదే ప్రిన్సెస్ అనే క్రూజ్ కంపెనీలో మేం కట్టింది మనిషికి 100 డాలర్లు, గడువు రెండేళ్ళు. వాడకపోతే కార్డుకి వెనక్కి వేస్తామని కాగితంలోనే ఉంది. అలాంటిదైతే ధైర్యంగా తీసుకో. డబ్బు వెనక్కి రానిదైతే మాత్రం, ఏ నెలలో వెళ్తారో ఇంట్లో తేలేదాకా ముట్టుకోవద్దు. ఈ తేడా కంపెనీకీ కంపెనీకీ ఉంటుంది, ఒకే కంపెనీ కూడా మధ్యలో రూల్సు మారుస్తుంది. పోయినేడు మీ ఫ్రెండ్ కొన్న కాగితం చూసి ఈ ఏడు నువ్వు కొనకు.

కౌంటర్‌లో ఉన్నవాళ్ళు మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడతారు. నువ్వూ ఓపిగ్గా అడుగు. గడువు బుకింగ్‌కా, ప్రయాణానికా? ఒక గదికి ఎన్ని సర్టిఫికెట్లు వాడొచ్చు? మూడు, నాలుగు రాత్రుల చిన్న ట్రిప్పులకి చెల్లుతుందా? సేల్ ధరతో కలుస్తుందా? నేను రాలేకపోతే మా ఆవిడ ఒక్కతే వాడుకోగలదా? బుక్ చేశాక రద్దు చేసుకుంటే పాత గడువుతోనే తిరిగొస్తుందా, పోతుందా? నోటిమాట మీద వదిలేయకుండా, ఆ మాట కాగితంలో ఎక్కడుందో చూపించమను. చూపించలేకపోతే ఇంటికొచ్చి ఆలోచించుకో. ఇంటి దగ్గర బుక్ చేసినా ఆఫర్లు ఏమీ తక్కువుండవు. కాస్ట్‌కో ట్రావెల్‌లో క్రూజ్ బుక్ చేస్తే వాళ్ళ దుకాణాల్లో వాడుకునే షాప్ కార్డు ఇస్తారు. ఆ లెక్క వేసి చూడకుండా ఓడలో ఇచ్చేదే గొప్ప అనుకోకు. ఇంకోటి, కార్డు మీద కట్టి నెలాఖరుకి బిల్లు మొత్తం కట్టలేకపోతే కొననే వద్దు. 20 శాతం దాటిన వడ్డీ ముందు ఆ క్రెడిట్ ఏ మూలకీ రాదు.

అలాస్కా సంగతి. సియాటిల్ నుంచి వెళ్ళే పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావి. అమెరికాలో ఎక్కించుకుని అమెరికాలోనే దింపాలంటే అవి మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి, 1886 నాటి చట్టం అది. అందుకే సాధారణంగా కెనడాలో విక్టోరియా దగ్గర ఆగుతాయి. మన ఇండియా పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. మీ ఇద్దరికీ కావాలి, అమ్మానాన్నకీ కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85, మనిషికి. అమ్మానాన్న ఇండియాలో ఉండగానే పెట్టించు. ఆ వీసాలు చేతికొచ్చాకే అలాస్కా కోసం డబ్బు వెనక్కి రాని కాగితం ఏదైనా కొను.

జవాబు, ఎడిసన్ నుంచి

అక్క చెప్పిన వీసా సంగతికి కొంచెం కలుపుతాను. క్రూజ్ ఇక్కడే మొదలై ఇక్కడే ముగిసినా, మధ్యలో విదేశీ రేవు తగిలితే మనం దేశం దాటినట్టే. పాస్‌పోర్టులో హెచ్1బి వీసా స్టాంపు గడువు అయిపోయి ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రమే ఉన్నవాళ్ళు కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్ళి, ఆ పాత స్టాంపుతోనే తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. బహామాస్, జమైకా లాంటి దీవులకి హెచ్1బి వాళ్ళకి అది వర్తించదు. ఎఫ్1 (చదువు), జె1 (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకైతే క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులకి కూడా వర్తిస్తుంది. మా ఊరి దగ్గర బయోన్ నుంచి వెళ్ళే చాలా ఓడలు బహామాస్ వైపే. రూల్ ఒప్పుకున్నా ఓడ కంపెనీ ఎక్కించుకుంటుందా అన్నది ముందే మెయిల్‌లో అడిగి పెట్టుకోవాలి. మీ ఆవిడ హెచ్4 నుంచి ఎఫ్1కో, హెచ్1కో ఇక్కడే మార్చుకోవడానికి పెట్టి ఉంటే, అది తేలేలోపు ఓడెక్కి దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి మనకి దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఈ తేదీలు మన చేతిలో లేవు తమ్ముడూ. వాటి పక్కన ఇంకో గడువు తగిలించుకునేటప్పుడు మొత్తం ఎంత పోయినా తట్టుకోగలవో చూసుకో.

2020 మార్చి 14న కోవిడ్ వల్ల అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ క్రూజులు ఆపేసినప్పుడు మా అన్నదమ్ముల కుటుంబాలు రెండూ ఏప్రిల్ ట్రిప్‌కి డబ్బు కట్టి ఉన్నాయి. డబ్బు వెనక్కి కావాలా, 125 శాతం ఎఫ్‌సీసీ కావాలా అని అడిగారు. నేను డబ్బు తీసుకున్నాను. తమ్ముడు 125 అనగానే సరే అన్నాడు. అమెరికా రేవు నుంచి టికెట్టు కొన్న ప్రయాణికులతో పెద్ద ఓడ మళ్ళీ కదిలింది 2021 జూన్ 26న, ఫోర్ట్ లాడర్‌డేల్‌లో. వాడికి గడువు పొడిగించారు, 2022లో వాడుకున్నాడు, లాభమే వచ్చింది. కానీ ఆ రెండేళ్ళలో ఇంటి డౌన్ పేమెంటుకి ఆ డబ్బు లేక వాడు నా దగ్గర అప్పు చేశాడు. అందుకే 125 అనే అంకె చూసి కాదు, ఆ డబ్బుతో ఈలోగా ఏం పని ఉందో చూసి ఎంచుకోవాలి.

2022 ఏప్రిల్ నుంచి ఓడ రవాణా చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ మారిటైమ్ కమిషన్ రూల్ ఒకటి అమల్లో ఉంది. అమెరికా రేవు నుంచి బయల్దేరే ఓడని కంపెనీయే రద్దు చేసినా, మూడు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఆలస్యం చేసినా డబ్బు వెనక్కి అడిగే హక్కు మనకుంది. మెయిల్‌లో ‘క్రెడిట్ తీసుకోండి’ అన్న బటన్ పెద్దగా కనిపించినా, నొక్కేముందు కింద చదువు.

జవాబు, కేరీ, నార్త్ కరోలినా నుంచి

వాట్సాప్‌లో 350కి అంటున్నాయనకి ఇప్పుడే డబ్బు పంపకు. ఆయన మోసగాడని నేననడం లేదు, నిజంగానే వెళ్ళలేక అమ్ముతుండొచ్చు. కానీ ఆ కాగితం విలువంతా కంపెనీ కంప్యూటర్‌లో ఎవరి పేరు మీదుందో దాంట్లో ఉంది. కొన్ని సర్టిఫికెట్లు వేరేవాళ్ళ పేరుకి అసలు మారవు. ఆయన నువ్వు ఇద్దరూ ఒకే ఫోన్ కాల్‌లో ఉండి కంపెనీకి చేయండి. మార్చొచ్చా, ఇంకా ఎంత మిగిలింది, ఏ తేదీలోపు ఓడెక్కాలి అని ఆయన చేతే అడిగించు. మారినట్టు నీ మెయిల్‌కి కంపెనీ నుంచి వచ్చాకే డబ్బు. ముందే జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి వెంటనే డబ్బు పంపే యాప్) పంపావంటే మళ్ళీ రాబట్టడం చాలా కష్టం. కంపెనీకి నేరుగా క్రెడిట్ కార్డు మీద కట్టినదైతే, స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా బ్యాంకుతో తగాదా పెట్టే దారి ఉంటుంది. నేనైతే 150 మిగులుతుందని ఇంత టెన్షన్ పెట్టుకోను.

ఇర్వింగ్ నుంచి మళ్ళీ

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నయ్యలూ. కాల్‌లో మాట్లాడదామంటే ఆయన ‘సరే, రేపు చూద్దాం’ అన్నాడు. మళ్ళీ మెసేజ్ లేదు, నేనూ వదిలేశాను. కెనడా వీసా సంగతి మాకు అస్సలు తెలీదు. నాన్నకి ఈ రోజే చెప్పాను. ఇంకో సందేహం. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంది. బుకింగ్‌లో ఎలా రాయాలి?

ఫ్రిస్కో నుంచి

మా అత్తగారిదీ అంతే. ఆవిడ అమెరికా వీసా మీద మొదటి పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యు’ (మొదటి పేరు తెలియదు) అని, ఇంటిపేరు గడిలో ఆవిడ పేరు మొత్తం అచ్చైంది. బుక్ చేసేముందు కంపెనీకి ఫోన్ చేసి, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని, రెండు గడుల్లో ఏం ఉందో అక్షరం అక్షరం చదివి చెప్పాం. ఎలా రాయాలో వాళ్ళే చెప్పి, మెయిల్ కూడా పంపారు. ఆ మెయిల్ ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు రేవుకి తీసుకెళ్ళాం. సర్టిఫికెట్ ఏదైనా నాన్న పేరు మీద తీసుకుంటే దాని మీదా సరిగ్గా అదే పేరు ఉండాలి. కంపెనీ ఇచ్చే సభ్యత్వ (లాయల్టీ) నంబరు ఒక స్పెల్లింగుతో, బుకింగ్ ఇంకో స్పెల్లింగుతో ఉంటే క్రెడిట్ కలపడానికి గంటలు గంటలు ఫోన్‌లో ఉండాల్సొస్తుంది. అమ్మ పాస్‌పోర్టు కూడా ఒకసారి తెరిచి చూడమను.