ఒక ముసలమ్మకి పది నిమిషాలు ఇస్తే వెనక లైనంతా అరుస్తోంది, ఏం చేయాలి?

నాగావళి గట్టు:
అందరికీ నమస్తే. శ్రీకాకుళం దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో ఆపరేటర్‌గా చేస్తున్నాను. రేషన్ కార్డు ఈకేవైసీ, ఆధార్‌తో డబ్బులు తీయడం, ఇలా వేలిముద్రతో అయ్యే పనులే ఎక్కువ. ముందే చెప్పేస్తున్నా, నాకు జనం మీద కోపం లేదు, కాబట్టి "నవ్వుతూ మాట్లాడు, ధ్యానం చెయ్యి" లాంటి సలహాలు వద్దు. నా సమస్య వేరు. ఊడ్పులూ కోతలూ చేసి చేసి వేళ్ళు అరిగిపోయిన పెద్దవాళ్ళు వస్తారు, ముద్ర పడదు. బొటనవేలు, చూపుడువేలు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ బొటనవేలు. ఈలోగా వెనక మొదలవుతుంది, "ఏటి బాబూ, ఆవిడొక్కర్తికే ఇంతసేపా, మాకు పన్లు లేవేటి" అని. వాళ్ళని తప్పు పట్టలేను, కూలి మానుకుని వచ్చినవాళ్ళుంటారు, ఎండలో చంటిపిల్లని ఎత్తుకుని నిలబడ్డ తల్లి ఉంటుంది. మొన్న ఒక ముసలమ్మ ఆ అరుపులకి బెదిరిపోయి "ఒగ్గేయ్ బాబూ, మళ్ళొస్తాన్లే" అని కార్డు కొంగున ముడేసుకుని లేచిపోయింది. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి! ఆవిడ మీద ఓపిక చూపిస్తే మిగతావాళ్ళకి ఆలస్యం, వాళ్ళని చూసుకుంటే ఈవిడ వట్టి చేతులతో వెనక్కి. రోజూ జనంతో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే మీరెలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

రైట్ రైట్:
తమ్ముడూ, నేను బస్సు కండక్టర్ని, విజయనగరం–శ్రీకాకుళం రూటు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ అయ్యాక నాదీ నీ కథే. డబ్బులు లేకపోయినా జీరో టికెట్ కొట్టాలి, కొట్టాలంటే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూడాలి, ఆ కార్డు చేసంచిలో పర్సులో ప్లాస్టిక్ కవర్లో రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది. ఆవిడ విప్పేదాకా నిలబడితే పైడిభీమవరంలో షిఫ్టు దిగిన కుర్రాళ్ళంతా ఎక్కేస్తారు, ఇంక బస్సులో కాలు పెట్టడానికి ఉండదు. అందుకని నేను నిలబడను. "నిదానంగా తియ్యమ్మా, వెనక దాకా వెళ్ళి వచ్చి కొడతాను" అని ముందుకెళ్ళిపోతా. తిరిగొచ్చేసరికి కార్డు చేతిలో ఉంటుంది. ఆవిడకి కంగారు లేదు, నా పని ఆగలేదు, పక్కవాళ్ళు నోరెత్తడానికి సందు లేదు.

నువ్వు కూడా అంతే చెయ్యి, ముద్ర రెండుసార్లు పడకపోతే పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టు, తర్వాతి ఇద్దరిదీ చూసి మళ్ళీ ఆవిడ దగ్గరికి రా. కానీ "పక్కకి జరుగు" అనకు, మా బస్సుల్లో ఆ మాట మీదే సగం గొడవలు. "ఇక్కడ కూచో అమ్మా, నీది నా దగ్గరే ఉంది, ఈ ఇద్దరయ్యాక మళ్ళీ నీదే" అను. కార్డు వెనక్కి ఇచ్చెయ్యకు, నీ బల్ల మీద కనబడేలా పెట్టు. కార్డు చేతికొచ్చేస్తే పని అవదనుకుని వెళ్ళిపోతారు.

పలాస అమ్మాయి:
కండక్టర్ గారు చెప్పింది బావుంది, ఒక్కటి కలుపుతాను. మా అమ్మ చాలా ఏళ్ళు జీడిపిక్కల ఫ్యాక్టరీలో చేసింది. పిక్క పెంకులో ఉండే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది, ఎంత నూనె రాసుకున్నా చేతులు నల్లబడతాయి, వేళ్ళ కొసలు పొరలు లేచి నున్నగా అయిపోతాయి, గీతలే ఉండవు. చలికాలంలో చర్మం ఎండిపోయి ఇంకా కష్టం. అలాంటి చెయ్యి మిషన్ మీద పెడితే ఒకచోట ఆపరేటర్ అందరికీ వినబడేలా "చేతులు కడుక్కుని రావాలని తెలీదా" అన్నాడు. పని అవలేదని అమ్మ ఏమీ బాధపడలేదు, ఆ మాటకి మాత్రం ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ తర్వాత ఆధార్ పని అంటే నన్ను తోడు రమ్మంటుంది, లేకపోతే వెళ్ళదు.

నాగావళి గారూ, మీరు అలాంటివారు కాదని మీ పోస్టులోనే తెలుస్తోంది. అయినా చెప్తున్నా, పడనప్పుడు "మిషన్ తీసుకోవట్లేదమ్మా" అనండి, "నీ వేలు పడట్లేదు" అనకండి. వెనకవాళ్ళు కూడా అప్పుడు మిషన్నే తిట్టుకుంటారు, మనిషిని కాదు. కంటిపాపతో గానీ ముఖంతో గానీ అయ్యే పని అయితే మొదటి రెండుసార్లకే అటు మారిపోండి. ఆరేడుసార్లు అదే వేలు నొక్కించడం ఎవరికీ మంచిది కాదు.

ఉద్దానం కుర్రోడు:
అందరూ కోపం తెచ్చుకోకండి, నేను కొంచెం తేడాగా చెప్తాను. ఓపిక, దయ అని మొత్తం ఆ బల్ల వెనక కూర్చున్న కుర్రాడి నెత్తినే ఎందుకు పెడుతున్నాం? ఒక మిషన్, ఒక ఆపరేటర్, నెలాఖరు గడువు అని అందరినీ ఒకేసారి తరిమితే బుద్ధుడు కూర్చున్నా కసురుకుంటాడు. ముద్ర పడలేదన్న ఒక్క కారణంతో రేషన్ ఆపకూడదని, వేరే దారి చూపించాలని కేంద్రం ఎప్పుడో ఆదేశాలిచ్చింది, అది కింద దాకా ఎవరు చెప్తున్నారు? మా వైపు కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, వాళ్ళని లైన్లో నిలబెట్టి "ఓపిక పట్టండి" అనడం నాకైతే దయలా కనిపించదు. అలాంటివాళ్ళని అడగకుండానే ముందుకి పిలవాలి. గొంతు పెంచేవాడి పని ముందు చేసి పంపించేయడం మాత్రం మానండి. అది అలవాటైతే అందరూ అరవడమే నేర్చుకుంటారు.

రైట్ రైట్:
చివరి మాటకి దండం పెట్టాను తమ్ముడూ. మిగతాది పైవాళ్ళకి రాయాల్సిందే, కానీ రేపు పొద్దున్న తొమ్మిదికి ఆ బల్ల దగ్గర ఉండేది ఇతనే కదా.

మూడు లాంతర్లు:
మాది విజయనగరం. పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్ళకి తెలుసు, పొద్దుటి నుంచి రోడ్డు పక్కన, మేడల మీద, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని జనం ఎంతసేపు నిలబడతారో. సిరిమాను, అంటే పూజారి కూర్చునే ఆ పొడవాటి మాను, గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, అది కదిలేదాకా అందరూ ఎదురుచూపులే. తెలియని పిల్లాడిని కూడా "ఇలా ముందుకి రారా" అని లాగి నిలబెడతారు, మంచినీళ్ళ సీసా చేతులు మారుతూనే ఉంటుంది. అదే జనం మర్నాడు బ్యాంకులో అరగంట ఆగలేరు. భక్తి అంటారు, అది కొంత నిజమే, కానీ నాకనిపించేది ఇంకోటి. అక్కడ ఏం జరగబోతోందో, తమ వైపు ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు. లైన్లో తెలియదు. ముందు ఎంతమంది ఉన్నారు, సర్వర్ పనిచేస్తోందా, ఈ రోజు అవుతుందా, ఎవరూ చెప్పరు. ఆ టెన్షనే ఎదుట ఎవరు కనబడితే వాళ్ళ మీద పడుతుంది, ఎక్కువగా నోరులేని ముసలివాళ్ళ మీద.

కాగితం ముక్కల మీద నంబర్లు రాసి ఇచ్చెయ్యండి. ఇప్పుడు ఏ నంబరు నడుస్తోందో పలక మీద రాయండి. సర్వర్ ఆగితే లేచి నిలబడి అందరికీ ఒకేసారి చెప్పండి. నంబరు చేతిలో ఉన్నవాడు చెట్టు కిందకెళ్ళి టీ తాగుతాడు గానీ మీ మీద అరవడు.

నాగావళి గట్టు:
అందరికీ థ్యాంక్స్. కుర్చీ ఈ రోజే వేశాను. మధ్యాహ్నం ఒక తాతగారిని కూర్చోబెట్టి కార్డు బల్ల మీదే ఉంచాను, ముగ్గురి పని అయ్యాక మళ్ళీ ఆయన్ని పిలిస్తే మధ్యవేలు పడింది. వెనక ఒకాయన గొణిగాడు గానీ పక్కనున్న ఆవిడే "నీ నాన్నయితే ఇలాగే అంటావేటి" అని గట్టిగా అడిగేసింది, నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. నంబర్ల చీటీలు రేపటి నుంచి. ఒకటే అనుమానం, సగం మంది చీటీ తీసుకుని బజారుకెళ్ళిపోయి ఆలస్యంగా వచ్చి "నా నంబరు దాటించేశావు" అంటే ఏం చెయ్యాలి?

మూడు లాంతర్లు:
దాటిపోయిన నంబరు వస్తే ఇద్దరి తర్వాత పిలుస్తామని పలక మీదే రాసెయ్యండి. వాదించేవాడికి పలక చూపించండి.

పలాస అమ్మాయి:
చదవడం రానివాళ్ళుంటారు కదా, పొద్దున్న చీటీ ఇచ్చేటప్పుడే నోటితో కూడా చెప్పండి. ఇంకోటి, ముఖంతో తీసేటప్పుడు మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, వెలుతురు వీపు వైపు ఉంటే ఫోన్ పట్టుకోదు. మా అమ్మకి అలాగే అయింది.