పెరట్లో గుడ్లగూబని చూడ్డానికి లైటు వేయొచ్చా?

పెరటిగోడ:
చీకటి పడ్డాక పెరట్లో వాలే గుడ్లగూబ మీద టార్చి వేస్తే తప్పేంటని కొందరు, అసలు ఏ లైటూ వద్దని కొందరు. ఎర్ర కాగితం చుడితే దానికి తెలీదన్న మాటా ఉంది. కారణాలతో చెప్పండి.

మసకచూపు:
టార్చి వద్దే వద్దు. గుడ్లగూబ రెటీనాలో మసక వెలుగును పట్టే కడ్డీ కణాలే ఎక్కువ. సూటిగా కాంతి కొడితే కాసేపు దానికి చీకటి ఆనదు. కనుగుడ్లు గొట్టాల్లా ఉంటాయి, అటూ ఇటూ కదలవు. వెలుగు తప్పించుకోవాలంటే తలైనా తిప్పాలి, ఎగిరైనా పోవాలి. ఆ చూపుతో ఎగిరితే తీగలకీ కిటికీలకీ తగిలే ప్రమాదం.

లైటు లేకుండా చూడాలంటే పొద్దుగూకాక మొదటి అరగంట వాడుకోండి. 7×50 బైనాక్యులర్ (7 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం వెడల్పు 50 మి.మీ.) తీసుకోండి. 50ని 7తో భాగిస్తే సుమారు 7 మి.మీ., అంటే చీకట్లో విచ్చుకున్న కంటిపాపంత వెలుగు లోపలికి వస్తుంది. వయసు మీరిన కంటికి 8×42 చాలు. జేబులో పట్టే 10×25 మాత్రం ఆ వేళకి పనికిరాదు, అంతా నల్లగానే కనిపిస్తుంది.

వసారాదీపం:
టార్చి విషయంలో మీతోనే ఉన్నాను. కానీ రోజూ ఒకేచోట వెలిగే దీపాన్నీ అదే గాటన కట్టేస్తే ఎలా? పైడికంటెలనే చిన్న గుడ్లగూబలు దీపాల దగ్గర మూగే పురుగుల కోసం వాటంతటవే వస్తాయి. బెదరగొట్టేది హఠాత్తుగా మీద పడే వెలుగు. 2 లేదా 3 వాట్ల ఎల్ఈడీ, 2700 కెల్విన్ లోపు పసుపు రంగు, పైన డోము, కాంతి కొమ్మ మీద కాక గోడ మీద పడాలి. గోడ నుంచి చెదిరిన వెలుగులో ఆకారం బాగానే తెలుస్తుంది.

ఎర్ర లైటు సంగతి సగం నిజం. కడ్డీ కణాలు ఎరుపును సరిగా పట్టవు. అయితే తెల్ల టార్చికి కాగితం చుడితే మిగతా రంగులూ కొంత కారిపోతాయి. ఎర్ర ఎల్ఈడీయే కొనాలి, దాన్నీ కళ్లలోకి కొట్టకూడదు.

మసకచూపు:
పురుగులు తినే పైడికంటెకి మీ లెక్క సరిపోతుంది. ఎలుకల మీద బతికే పెద్దవాటి మాటేమిటి? వెలుగున్న చోటికి ఎలుక రాదు. మీకు గుడ్లగూబ కనిపిస్తుంది, దానికి తిండి కనిపించదు.

లెన్సుమూల:
తగువెందుకు, చీకట్లోనూ బొమ్మ తీసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టండి. దాని దీపాల్లో 850 నానోమీటర్లవి ఎర్రగా మినుకుమంటాయి, 940వి కనిపించవు. కాకపోతే 940 వెలుగు దాదాపు సగం దూరమే అందుతుంది, కాబట్టి గుడ్లగూబ వాలడానికి ఒక గుంజ పాతి, కెమెరాని దానికి 4, 5 మీటర్ల దూరంలోపే బిగించాలి. గుంజ 3 మీటర్ల ఎత్తు, పైన 3, 4 సెం.మీ. మందం అడ్డకర్ర. నున్నటి పైపు వద్దు, గోళ్లు జారతాయి.

అందరూ బోల్తా పడేది ఇక్కడ: కెమెరాని కిటికీ అద్దం వెనక పెడితే దాని దీపమే తిరిగి తగిలి బొమ్మంతా తెల్లబారుతుంది. బయట పెడితే ఆ దీపానికి పురుగులొస్తాయి, వాటి కోసం సాలీడు లెన్సు మీదే గూడు అల్లుతుంది. కెమెరాలో దీపం ఆర్పేసి, విడిగా ఒకటి మీటరు పక్కన పెడితే రెండు బెడదలూ తీరతాయి.

వసారాదీపం:
కెమెరా మంచిదే, కంటితో చూసినట్టు ఉండదు. గూట్లో పిల్లలుంటే మాత్రం నా దీపమూ వద్దు.

లైటు మీద ఇంత వాదిస్తున్నాం గానీ, అదే పెరట్లో బ్రోమడియోలోన్ ఎలుకల మందు ఉంటే ఇదంతా వృథా. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది, తేలిగ్గా చిక్కుతుంది. విషం గుడ్లగూబ కాలేయంలో పేరుకుంటుంది. బోనులు పెట్టుకోండి.

మసకచూపు:
మందు మాటకి నూటికి నూరు. గోడ దీపం చిన్నవాటి వరకు ఒప్పుకుంటాను, మోషన్ సెన్సర్ తగిలించనంత వరకే. పక్షి వాలగానే భగ్గున వెలిగే దీపం టార్చి కంటే అన్యాయం, ఎందుకంటే అది ప్రతిసారీ వెలుగుతుంది.