అప్‌డేట్: ఎమర్జెన్సీ ఉద్యోగంలో చేరాను

బెంగళూరులో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా (మానసిక సమస్యలున్నవారికి, వాళ్ల కుటుంబాలకు అండగా ఉండే పని) అవకాశం వచ్చిందని, రాత్రి డ్యూటీలంటే భయంగా ఉందని, చేరాలా వద్దా అని నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. చేరాను.

జీతం తక్కువని మీరు హెచ్చరించిందే నిజమైంది. ‘అక్కడ తెలుగు అక్కరకొస్తుంది’ అని ఒకరు రాస్తే మాత్రం నవ్వుకున్నాను.

పోయిన వారం ఆత్మహత్యకు ప్రయత్నించిన, చదువుకుంటున్న ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. ప్రాణాపాయం తప్పింది. తెల్లవారుజామున మదనపల్లె బస్సు దిగి వాళ్ల నాన్నగారు వచ్చారు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కన్నడ బోర్డుల కింద బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. తెలుగులో పలకరించగానే అడిగిన మొదటి మాట: “పోలీసు కేసు పెడతారా అమ్మా? వాడి చదువు పాడవుతుందా?”

ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇవ్వడం వేరు, శిక్ష వేరు అని చెప్పాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆయన కుర్చీలో కూలబడి అప్పుడు ఏడ్చారు.

తర్వాతదంతా చిన్న చిన్న పనులే: గదిలో తోడుగా ఎవరుంటారు, మందులు ఎవరి దగ్గర తాళంలో ఉంటాయి, మళ్లీ ఎప్పుడు రావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను బస్సు టికెట్టు వెనక రాసుకున్నారు.

పగటి నిద్ర ఇంకా కుదరలేదు. కిటికీకి దుప్పటి కట్టాను. ఎదురింట్లో బోరు వేస్తున్నారు.