వర్డ్‌ల కొట్టి వెబ్‌పేజీగ సేవ్ చేస్తే ఫోటోలు వస్తలేవు

కాజీపేట_చిన్నోడు:
మా అమ్మమ్మ పాడే బతుకమ్మ పాటలు 40 వర్డ్‌ల కొట్టిన, నడుమ నడుమ ఫోటోలు పెట్టిన. వెబ్‌పేజీగ సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌ల అక్కకిస్తే అక్షరాలున్నయ్, ఫోటోల జాగల ఖాళీ డబ్బాలే. ఇంకోటి, పట్టికల పాట పేరు నొక్కితే ఆ పాట కాడికి పోవాలె. ఎట్ల?

హన్మకొండ_డీటీపీ:
తమ్మీ, పేజీ పక్కన అదే పేరు మీద, చివర ‘_files’ అని ఒక ఫోల్డర్ పుడ్తది, ఫోటోలన్నీ అండ్లనే ఉంటయ్. నువ్వు పేజీ ఒక్కటే కాపీ చేసినవ్. 22 ఏండ్ల సంది ఇదే పని నాది. అచ్చుపనికి వాడే మా డీటీపీ ఫాంట్ల కొడితే అక్షరం ఇంకా మంచిగుంటుండె.

కరీంనగర్_టీచరమ్మ:
ఆ ఫాంట్ల మాట ఎత్తకుండ్రి! మా బడి పత్రిక వాటితోనే కొట్టి వెబ్‌పేజీ చేసిన. నా కంప్యూటర్ల ముత్యాల లెక్క ఉండె. ఆ ఫాంట్లు లేని పిల్లల ఇండ్లల్ల తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. ఏ కంప్యూటర్ల తెరిచినా తెలుగే కనవడాలని 60 పేజీలు యూనికోడ్‌ల మళ్ల కొట్టిన.

హన్మకొండ_డీటీపీ:
మేడమ్, మీ యూనికోడ్ ఫాంట్ గౌతమితోని పెండ్లిపత్రిక కొట్టిస్తే ఎవరన్న తీసుకుంటరా?

కరీంనగర్_టీచరమ్మ:
పెండ్లిపత్రిక కాగితం మీదికి పోతది. వెబ్‌పేజీల బతుకమ్మ అని వెతికితే దొరకాలె. మీ ఫాంట్ల కొట్టింది దొరుకుతదా? చెప్పుండ్రి.

మంచిర్యాల_కోడర్:
ఇద్దరూ అసలుది వదిలేసిండ్రు. వర్డ్ రాసే హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్‌పేజీ లోపలి కోడ్, తెరిచి చూసిండ్రా? నాలుగు చరణాలకు గజాల కొద్ది ఎంఎస్‌ఓ అని వర్డ్ తన కోసం రాసుకునే గుర్తులు. మళ్ల వర్డ్‌ల తెరిచినప్పుడు పాత రూపం రావాలని అట్ల రాస్తది. సేవ్ చేసేటప్పుడు ‘వెబ్ పేజ్, ఫిల్టర్డ్’ పెడితే అవి చానమట్టుకు పోతయ్, వర్డ్ ఫైల్ మాత్రం విడిగ దాచుకోవాలె. నేనైతే నోట్‌ప్యాడ్‌లనే చేత్తోని రాస్త.

జగిత్యాల_పటేల్:
నోట్‌ప్యాడ్‌ల రాసే నేను మునిగిన. మా నాయిన చెప్పిన ఒగ్గుకథ రెండు రాత్రులు కూసోని కొట్టిన. పాత నోట్‌ప్యాడ్ కాబట్టి తెలుగు పట్టని యాన్సీ పద్ధతిల సేవ్ అయింది. పొద్దున తెరిస్తే మొత్తం ప్రశ్న గుర్తులే.

మంచిర్యాల_కోడర్:
తెలుగు పట్టే యూటీఎఫ్-8 పద్ధతి పెట్టకపోవుడు నీ తప్పు. సేవ్ చేసేటప్పుడు హెచ్చరిక వస్తది, సదవాలె కదా.

జగిత్యాల_పటేల్:
మా నాయిన ఇప్పుడు లేడు. మళ్ల ఎవర్ని అడిగి రాయాలె? తప్పని చెప్పుడు మీకు అలకగనే ఉన్నది.

కరీంనగర్_టీచరమ్మ:
కోడర్ గారూ, అట్ల మాట్లాడద్దు. పటేల్ గారూ, ఆ కథ మీకు యాదికున్నంత ఇయ్యాల్నే ఫోన్ల రికార్డు చేసుకోండి. నేను కొట్టిస్త.

కాజీపేట_చిన్నోడు:
ఫోల్డర్ కలిపి ఇచ్చిన, ఫోటోలన్నీ వచ్చినయ్. అక్క ఏడ్చింది అమ్మమ్మను చూసి. పట్టిక ముచ్చట ఎవరూ చెప్పలే.

జగిత్యాల_పటేల్:
తమ్మీ, పాట పేర్లకు హెడింగ్ స్టైల్ పెట్టు. పట్టికల పేరు ఎంచుకొని హైపర్‌లింక్‌ల ‘ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్’ నొక్కితే హెడింగ్‌లన్నీ కనవడ్తయ్. హెడింగ్‌కు బదులు పాట కాడ బుక్‌మార్క్ అనే గుర్తు పెడ్తే, దాని పేరుల ఖాళీ ఉండద్దు. పాటల ఫైల్ రెండు జాగలల్ల దాచు.