లక్ష్మాగౌడ్ వర్ణచిత్రంలో గీత ముందా, రంగు ముందా?

ప్రశ్న (అనంతపురం): ప్రధానంగా రేఖాచిత్రాలకు, ఎచింగులకు (లోహపు రేకు మీద గీతలను ఆమ్లంతో తొలిపించి కాగితంపై తీసే అచ్చుచిత్రాలకు) పేరొందిన కె. లక్ష్మాగౌడ్ ఆక్రిలిక్ షీటుపై వేసిన ఒక స్త్రీ ముఖచిత్రాన్ని ఈమధ్య చూశాను. కంటి చుట్టూ ఉన్న నల్లని గీత రంగు మీద తేలుతున్నట్లుంది గాని, పైన కుంచె జాడ ఎక్కడా లేదు. ఆ గీతను చివరలో దిద్దుతారా?

జవాబు (కడప): లేదండీ. పారదర్శకమైన షీటుకు వెనుకవైపున వేసి ముందు నుంచి చూసే పద్ధతి అది. కనుక మామూలుగా చివర వచ్చే కనుగీత, ముక్కుపుడక మెరుపు మొదటే పడాలి, ఒంటి రంగు ఆ తరువాత, నేపథ్యం అన్నిటికన్నా ఆఖరున. తప్పు పడితే పైన రంగు పూసి కప్పే వీలుండదు. బరోడాలో ఆయనకు గురువైన కె.జి. సుబ్రహ్మణ్యన్ కూడా ఇలా వేశారు.

జవాబు (కర్నూలు): పై వివరణ సరైనదే. ఎచింగులో రేకు మీద గీసినది అచ్చులో కుడిఎడమలు తారుమారై వస్తుంది కనుక, దశాబ్దాలుగా ఆ పని చేసిన లక్ష్మాగౌడ్ చేతికి వెనుక నుంచి గీయడం కష్టం కాదు. నా మట్టుకు ఆయన రంగుకంటే గీతకే బలమెక్కువ. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలతో పోల్చి చూడండి: అక్కడ గీత బొమ్మ అంచును కట్టిపడేస్తుంది, లోపలి రంగు చదునుగా ఉంటుంది, లక్ష్మాగౌడ్ రేఖాచిత్రాల్లో మాత్రం సన్నని అడ్డగీతలే ఒంటి గుండ్రదనాన్ని చూపుతాయి.